అటవీ భూముల్లో నీటి ఇంజనీరు ఉద్యోగం: అసలు పనేమిటి? (శ్రీకాకుళం కొండలు)

బారువ వాసి | సోమవారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. సివిల్‌లో బీటెక్, జలవనరుల్లో ఎంటెక్ చేశాను. ఇంతవరకు పట్టణాల తాగునీటి పైపులైన్ల డిజైన్ పనిలో ఉన్నాను. ఇప్పుడు అటవీ భూముల్లో నీటి పనులు చూసే కాంట్రాక్టు ఉద్యోగం ఒకటి దొరికేలా ఉంది. మందస, మెళియాపుట్టి, పాతపట్నం వైపు కొండలు. ప్రకటనలో ‘ప్రవాహాల కొలత, చెక్ డ్యాములు, ఊట కుంటలు, నివేదికలు’ అని ఒక్క వాక్యం రాసి వదిలేశారు. జీతం ఇప్పుడున్నదానికంటే కాస్త తక్కువే.

అడవిలో ఇంజనీరుకు పనేముంటుందని మా నాన్నగారు అడిగితే సరైన జవాబు చెప్పలేకపోయాను. ఈ పని చేసినవారు, దగ్గరగా చూసినవారు ఎవరైనా ఉంటే చెప్పండి. పుస్తకంలో చదివిన హైడ్రోగ్రాఫులు (ప్రవాహం కాలంతో ఎలా మారుతుందో చూపే గీతలు), కర్వ్ నంబర్లు (వానలో ఎంత పారుతుందో అంచనా వేసే అంకెలు) అక్కడ పనికొస్తాయా?

విశ్రాంత ఈఈ | సోమవారం, రాత్రి 10:02

బాబూ, ముందు మీ నాన్నగారికి జవాబు. వంశధార, నాగావళి రెండూ ఒడిశా కొండల్లో పుట్టి మన వైపు దిగుతాయి. మహేంద్రతనయ, బాహుదాలది కూడా కొండ పుట్టుకే. గొట్టా బ్యారేజీ దగ్గర, తోటపల్లి దగ్గర, మడ్డువలస దగ్గర మేమంతా తలుపులు ఎత్తుతూ దించుతూ ఉద్యోగాలు చేసింది పైనున్న అడవి వదిలిన నీటితోనే. అది ఎప్పుడు వదులుతుంది, ఎంత వదులుతుంది, ఎంత మట్టితో వదులుతుంది అన్నది మా చేతిలో లేదు. మీరు వెళ్లబోయేది ఆ చోటికి.

నీటిపారుదల శాఖలో వరద లెక్క కట్టాలంటే మా తరానికి రైవ్స్ సూత్రమే దిక్కు. పరీవాహక వైశాల్యాన్ని చదరపు కిలోమీటర్లలో తీసుకుని, దాని మూడింట రెండో ఘాతాన్ని ఒక గుణకంతో హెచ్చిస్తే సెకనుకు ఎన్ని ఘనపు మీటర్లో వస్తుంది. తూర్పు తీరానికి 80 కిలోమీటర్ల లోపు గుణకం 6.8, ఆపైన 160 వరకు 8.5, కొండల దగ్గర 10.2. మీ తమాషా ఇక్కడే మొదలవుతుంది. మందస సముద్రానికి కూతవేటు దూరం, కానీ పక్కనే మహేంద్రగిరి. తీరం గుణకం వేస్తారా, కొండ గుణకం వేస్తారా? నాలుగు చదరపు కిలోమీటర్ల పరీవాహకం ఉన్న గెడ్డకు (కొండవాగుకు) మొదటిది 17 ఘనపు మీటర్లు చెబుతుంది, రెండోది సుమారు 26. కట్టడం ఖర్చు సగానికి సగం మారిపోతుంది. అక్కడ కొండను చూసి 10.2 వేసే ఇంజనీరు కావాలి. అంచనా తక్కువ చూపించాలని 6.8 వేసేవారికి మన దగ్గర కొదవ లేదు.

మెళియాపుట్టి రైతు | మంగళవారం, ఉదయం 6:25

ఇన్ని లెక్కలు ఎందుకండీ? కొండ మీద పడిన వాన గంటలో గెడ్డలోకి, పూటలో ఏట్లోకి, మర్నాటికి సముద్రంలోకి పోతోంది. ప్రతి గెడ్డకూ అయిదారు చెక్ డ్యాములు కడితే సరి. ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన పడే జిల్లాలో మాఘమాసం దాటితే బావుల్లో నీళ్లు అడుగంటుతున్నాయంటే తప్పు వానది కాదు. కట్టనివ్వని వారిది.

రేంజి డైరీ | మంగళవారం, మధ్యాహ్నం 1:40

అటవీ శాఖలో పనిచేస్తున్నాను, ఊరు చెప్పను. రైతుగారి కోపం న్యాయమైనదే. అయితే ‘ప్రతి గెడ్డకూ అయిదారు’ దగ్గరే గొడవ. పైకి వస్తే చూపిస్తాను. ఏటవాలు ఎక్కువగా ఉన్నచోట, పైన పోడు కొట్టి వదిలేసిన మెరక ఉన్నచోట కట్టిన చెక్ డ్యాములు రెండు మూడు వానాకాలాలకే మట్టితో పూడిపోయి గట్టుతో సమానమయ్యాయి. వాటి వెనక నీళ్లు లేవు, రెల్లు గడ్డి ఉంది. కొన్నిచోట్ల గెడ్డ పక్కకు ఒరుసుకుని కొత్త దారి చేసుకుంది. కాంక్రీటు మాత్రం మధ్యలో చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. ముందు పైన రాతికట్టలు వేసి, కోతను ఆపి, మట్టి తగ్గాక కింద చెక్ డ్యాము కట్టాలి. నిధులు వచ్చే వరుస మాత్రం దీనికి తలకిందులు. మార్చి నెలాఖరులోగా ఖర్చు చూపించాలంటే కాంక్రీటు పనే సులువు.

ఇంకొక సంగతి, రైతుగారూ. మీ ఊరి చెరువు నిండేది ఆ గెడ్డ నీటితోనే కదా? పైన వరసగా ఆపితే మొదటి వానల నీళ్లన్నీ పైనే ఆగుతాయి. జూలైలో నారుమడికి నీళ్లు రాలేదని మా ఆఫీసుకు వచ్చేది మీరే.

బారువ వాసి గారూ, ఉద్యోగం గురించి. కాంటూరు కందకాల (వాలుకు అడ్డంగా ఒకే మట్టంలో తవ్వేవి) అంచనాలు మీ బల్ల మీదకు గుట్టలుగా వస్తాయి. ఒక కందకం నాలుగు మీటర్ల పొడవు, అర మీటరు వెడల్పు, అర మీటరు లోతు అనుకోండి, పట్టేది ఒక ఘనపు మీటరు. వంద హెక్టార్ల కొండ మీద ఒక్క రోజు 50 మిల్లీమీటర్ల వాన పడితే దిగేది 50,000 ఘనపు మీటర్లు. వెయ్యి కందకాలు తవ్వినా ఒక నింపుకు పట్టేది అందులో నూటికి రెండు వంతులు. అయినా కందకాలు దండగ కాదు. బోడి మెరక మీద మట్టిని ఆపుతాయి, గడ్డి లేస్తుంది, ఏడాదిలో ఎన్నోసార్లు నిండి ఇంకుతాయి. కానీ ‘వెయ్యి కందకాలతో కొండ నీరంతా ఇంకింది’ అని నివేదికలో రాస్తే సంతకం పెట్టకండి. దట్టమైన అడవిలో చెట్ల వేళ్లు నరికి కందకాలు తవ్వమన్నా ఒప్పుకోకండి. అక్కడ ఆకుచెత్తే ఆ పని చేస్తోంది.

విజయనగరం టు ఓరెగాన్ | మంగళవారం, రాత్రి 11:15

మాది విజయనగరం. ఇక్కడ అమెరికాలో ప్రభుత్వ అడవుల నీటి పనుల్లో ఉన్నాను. ఇక్కడి జాతీయ అడవులకు పునాది వేసిన 1897 నాటి చట్టంలోనే అడవిని కాపాడడానికి రెండు కారణాలు రాశారు: కలప సరఫరా, నీటి ప్రవాహాలు సవ్యంగా ఉండడం. అందుకే అటవీ సర్వీసులో హైడ్రాలజిస్టు అనేది ఎప్పటినుంచో ఉన్న ఉద్యోగం, వింత కాదు.

మీరు ఊహించని మాట ఒకటి చెబుతాను. నా పనిలో పెద్ద భాగం ఆనకట్టలు కావు, రోడ్లు. అడవి రోడ్డు కొండను అడ్డంగా కోస్తుంది. మట్టిలో మెల్లగా దిగుతున్న ఊట నీరు ఆ కోతలో బయటపడి, రోడ్డు పక్క కాలువలో పరుగెత్తి, ఒక తూము దగ్గర ఒక్కసారిగా గెడ్డలో పడుతుంది. గాలివానకు కొమ్మలు, రాళ్లు వచ్చి తూముకు అడ్డం పడ్డాయనుకోండి, గెడ్డ తన దారి వదిలి రోడ్డు పట్టుకుంటుంది. రోడ్డు వాలుగా ఉంటే అర కిలోమీటరు అలాగే పారి, ఎప్పుడూ నీళ్లు చూడని వాలు మీద దిగి, కొత్త కోత పెడుతుంది. తర్వాత కింద మీరు ఎన్ని చెక్ డ్యాములు కట్టినా ఆ మట్టి వాటిలోకే.

కాబట్టి ప్రతి తూము దగ్గర నిలబడి వేసుకోవలసిన ప్రశ్న: ఇది మూసుకుపోతే నీరు ఎటు పోతుంది? తిరిగి అదే గెడ్డలో పడేలా రోడ్డులో తూముకు కాస్త దిగువన అడ్డంగా ఒక పల్లం చేస్తే చాలు. దానికయ్యే ఖర్చు చెక్ డ్యాముతో పోలిస్తే చాలా తక్కువ. ప్రారంభోత్సవం ఫోటోకు మాత్రం పనికిరాదు.

విశ్రాంత ఈఈ | బుధవారం, ఉదయం 8:30

ఓరెగాన్ గారు చెప్పినదాన్ని మన లెక్కలో చూపిస్తాను. నలభై హెక్టార్ల చిన్న గెడ్డ. గంటకు 60 మిల్లీమీటర్ల జోరు వాన, అందులో నూటికి నలభై వంతులు పారుతుందనుకుందాం. 0.4ను 60తో, 40తో గుణించి 360తో భాగిస్తే సెకనుకు 2.67 ఘనపు మీటర్లు. అడవి రోడ్ల కింద మామూలుగా వేసే 600 మిల్లీమీటర్ల సిమెంటు గొట్టం, నీటి వేగం సెకనుకు రెండు మీటర్లు అనుకున్నా, అర ఘనపు మీటరుకు కొంచెం పైన మాత్రమే పంపుతుంది. అంటే వచ్చేదానిలో అయిదో వంతు. మీటరు వ్యాసం గొట్టాలు రెండు వేస్తే లెక్కకు సరిపోతుంది. కానీ అడవిలో లెక్కలో లేని వెదురుబొంగులు, బండరాళ్లు కూడా వస్తాయి. అందుకే అలాంటి చోట గొట్టం మాని కాజ్‌వే వేయమంటాను. నీరు రోడ్డు మీదుగా పోతుంది, రెండు గంటలు బండ్లు ఆగుతాయి, రోడ్డు మిగులుతుంది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడి తోటలు పోయిన సంగతే అందరూ చెప్పుకున్నారు. కొండల్లో కొట్టుకుపోయిన తూముల గురించి అడిగినవారు తక్కువ. చాలాచోట్ల మళ్లీ అదే సైజు గొట్టాలు వేశారు.

కొండదిగువ | బుధవారం, రాత్రి 7:50

మాది సవర గూడెం. పై నుంచి ఊట నీటిని పైపుతో దించే గ్రావిటీ పథకం ఉంది. కరెంటు అక్కర్లేదు, మోటారు అక్కర్లేదు. వానాకాలంలో ట్యాంకు పొంగిపోతుంది. ఏప్రిల్ తర్వాత పైపులో గాలే వస్తుంది. పథకం వేసినప్పుడు ఇంజనీర్లు వచ్చి నీళ్లు బాగానే ఉన్నాయని రాసుకుని వెళ్లారు. వాళ్లు వచ్చింది నవంబరులో.

కొత్తగా వచ్చే ఇంజనీరుగారికి ఒకటే చెప్పాలి. మే నెలలో రండి. ఏ ఊట ఎండుతుందో, ఏది ఎండదో మా ఊళ్లో పెద్దవాళ్లందరికీ తెలుసు. ఎవరూ అడగరు.

బారువ వాసి | బుధవారం, రాత్రి 9:05

కొండదిగువ గారూ, ఈ మాట రాసి పెట్టుకున్నాను. మరి అంత చిన్న ఊటను ఎలా కొలుస్తారు? మా ప్రయోగశాలలో కరెంట్ మీటరు వాడాం. అంత పలుచటి నీటిలో అది మునగదు కదా?

రేంజి డైరీ | బుధవారం, రాత్రి 10:20

బకెట్టు, ఫోనులో స్టాప్‌వాచీ. నీరంతా ఒక గొట్టంలోకో దోనెలోకో వచ్చేలా బంకమట్టితో అడ్డుకట్ట వేసి, 15 లీటర్ల బకెట్టు పెట్టండి. 20 సెకన్లలో నిండితే సెకనుకు ముప్పావు లీటరు, రోజుకు దాదాపు 65,000 లీటర్లు. మనిషికి రోజుకు 55 లీటర్ల చొప్పున మూడు వందల మంది ఉన్న గూడేనికి 16,500 చాలు. మిగిలింది గెడ్డలో పారుతుంది. అదే బకెట్టు నిండడానికి నిమిషంపావు పడితే? సెకనుకు 0.2 లీటరు, రోజుకు 17,280. గూడేనికి సరిపోతుందని కాగితం మీద రాయవచ్చు. కానీ ఊట మొత్తం పైపులో పెట్టేసినట్టే. కింద గెడ్డలో అడవి జంతువులకు చుక్క మిగలదు. అది ప్రభుత్వ అడవి. ఆ నీటికి ఊరితో పాటు వేరే వాటాదారులు ఉన్నారు, వాళ్లు అర్జీ పెట్టుకోలేరు.

మరో మాట. జంతువులకు నీటి తొట్లు కట్టేటప్పుడు అవి ఊరికి ఎంత దూరమో చూడండి. ఒడిశా వైపు నుంచి వచ్చిన ఏనుగులు, ఉద్దానం వైపు ఎలుగుబంట్లు ఉన్న జిల్లా మనది. రోడ్డు పక్కన ట్యాంకరు వెళ్లడానికి వీలుగా ఉందని అక్కడ కడితే, ఎలుగుబంటిని ఊరికి పిలిచినట్టే.

విజయనగరం టు ఓరెగాన్ | గురువారం, ఉదయం 7:10

బకెట్టు నిలిచే జాగా లేకపోతే, లేదా ప్రవాహం దానికి మించితే, ‘వీ’ ఆకారం గంటు ఉన్న రేకు పెట్టండి. 90 డిగ్రీల గంటు, అంచు పదునుగా ఉండాలి. రేకు వెనక నీరు మడుగులా నిలవాలి, ముందు గాలిలో విడిగా పడాలి. కింద నుంచి, పక్కల నుంచి కారకుండా బంకమట్టితో పూడ్చాలి. నీటి ఎత్తును గంటు దగ్గర చదవకూడదు, అక్కడ మట్టం కిందికి వంగుతుంది. ఎత్తుకు నాలుగు రెట్లయినా వెనక్కి జరిగి స్కేలు పాతాలి. అయిదు సెంటీమీటర్ల ఎత్తుంటే సెకనుకు 0.77 లీటరు, పది సెంటీమీటర్లుంటే 4.4. ఎత్తు రెట్టింపయితే ప్రవాహం అయిదున్నర రెట్లు దాటుతుంది కాబట్టి స్కేలు అర సెంటీమీటరు తప్పు చదివినా లెక్క ఘోరంగా మారిపోతుంది.

కర్వ్ నంబర్ల గురించి అడిగారు. పనికొస్తాయి. కానీ ఆ పద్ధతి అమెరికాలో పుట్టింది, ముఖ్యంగా పొలాల కోసం. ఖొండలైటు రాయి లోతుగా శిథిలమై, పైన ఆకుచెత్తతో ఉన్న తూర్పు కనుమల వాలుకు పట్టిక చూసి ఒక అంకె వేసేస్తే అది ఊహే. రెండు వానాకాలాలు కొలిచాక పట్టికను సరిదిద్దుకోండి.

మెళియాపుట్టి రైతు | గురువారం, ఉదయం 9:45

కొలతలు సరే. మరి చెట్లు? ప్రతి ఏడాదీ మొక్కలు నాటితే నీళ్లు పెరుగుతాయని చెబుతారు. నీలగిరి తోటలు వేసిన దగ్గర మా బావులు దిగిపోయాయి. ఇది కూడా పట్టికలో ఉందా?

విజయనగరం టు ఓరెగాన్ | గురువారం, రాత్రి 10:55

ఉంది. ఉత్తర కరోలినాలో కొవీటా అనే చోట 1934 నుంచి పక్కపక్క లోయల్లో ‘వీ’ గంట్లు కట్టి కొలుస్తున్నారు. అక్కడ చెట్లు నరికితే ఏటి నీరు పెరిగింది, ఆకురాల్చే అడవి తీసి పైన్ చెట్లు పెడితే తగ్గింది. 1982లో ఇలాంటి 94 పరీవాహకాల ఫలితాలను కలిపి చూసిన సమీక్షలో కూడా అదే దిశ. చెట్టు నీరు తాగుతుంది, మనకు ఇష్టమున్నా లేకపోయినా. ఏడాది మొత్తం నీరు పెరుగుతుందని మొక్కలు నాటితే నిరాశే.

అయితే దీన్ని పట్టుకుని అడవి నరకమని ఎవరూ అనకండి. బోడికొండ ఇచ్చే అదనపు నీరు వానతోనే వరదగా దిగిపోతుంది. తొక్కిడికి గట్టిపడిన నేల మళ్లీ వదులై నీరు ఇంకడం మొదలైతే వేసవి ఊట మెరుగుపడే అవకాశం ఉంది. చెట్టు తాగినదానికంటే ఇంకింది ఎక్కువైతేనే సుమా. ఏ చెట్టు, ఏ నేల, ఎంత వాలు అన్నదాన్ని బట్టి ఉంటుంది. నీలగిరి విషయంలో రైతుగారితో నాకు పేచీ లేదు.

తంపర పక్షులు | శుక్రవారం, ఉదయం 6:40

కొండల గురించే మాట్లాడుతున్నారు. ప్రభుత్వ భూమి అంటే తీరంలో చిత్తడి నేల కూడా. టెక్కలి దగ్గర తేలినీలాపురం చింతచెట్ల మీద పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్‌లు గూళ్లు పెడతాయి. పత్రికల వారు ఏటా వాటిని సైబీరియా నుంచి రప్పిస్తారు. ఆ పెలికాన్లు మన ఉపఖండపు పక్షులే. అది అలా ఉంచండి. అవి మేత మేసేది నౌపడ వైపు తంపర (తీరపు చిత్తడి) భూముల్లో. అక్కడ వాననీరు, పోటు నీరు కలిసే పాళ్లను బట్టి చేప ఉంటుంది. ఒక వంతెన కింద కన్నాలు ఇరుకు చేస్తే, ఒక గట్టు ఎత్తు పెంచితే ఆ పాళ్లు మారిపోతాయి. చెట్లకు కంచె వేయడానికి డబ్బు ఉంటుంది. పోటు నీరు ఎంత దూరం వస్తోందో నెలనెలా కొలవడానికి మనిషి ఉండరు. మీకు పని కావాలంటే ఇక్కడ కూడా బోలెడంత ఉంది.

నిర్వాహకులు | శుక్రవారం, ఉదయం 11:00

వంశధార ట్రిబ్యునల్, నేరడి బ్యారేజీ మీద వచ్చిన ఏడు వ్యాఖ్యలను వేరే చర్చకు మార్చాం. ఇక్కడ ఉద్యోగం సంగతి మాత్రమే.

బారువ వాసి | శుక్రవారం, రాత్రి 8:15

నాన్నగారికి ఈ చర్చంతా చదివి వినిపించాను. కాజ్‌వే మాట దగ్గర ఆయనే ఆపి, తిత్లీ తర్వాత తాను చూసిన రోడ్లన్నీ వరసగా చెప్పుకొచ్చారు. చేరదామనే అనుకుంటున్నాను. రెండు సందేహాలు. అటవీ భూమిలో ఊరికోసం చిన్న చెరువు కట్టాలంటే అనుమతులకు ఏళ్లు పడుతుందని అంటున్నారు, నిజమేనా? రెండోది, చేరిన మొదటి నెలలో ఏం చేయమంటారు?

రేంజి డైరీ | శుక్రవారం, రాత్రి 10:40

అడవిని కాపాడే పనుల్లో భాగంగా మా శాఖే వేసే చెక్ డ్యాములు, నీటి తొట్లు 1980 అటవీ సంరక్షణ చట్టం ప్రకారం అటవీయేతర పని కిందకు రావు. ఊరి అవసరానికైతే 2006 అటవీ హక్కుల చట్టంలో మూడో సెక్షను రెండో ఉపసెక్షను చూడండి. చెరువులు, చిన్న కాలువలు, తాగునీటి పైపులు అందులో ఉన్నాయి. ఒక్కో పనికి హెక్టారు లోపు భూమి, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫారసు ఉండాలి. ఈ దారి ఉందని తెలియక పెద్ద అనుమతికి దరఖాస్తు పెట్టి ఏళ్ల తరబడి తిరిగేవారున్నారు. ఇంజనీరుగా మీ వంతు, పటంలో వైశాల్యం నిజంగా హెక్టారు లోపు వచ్చేలా డిజైన్ చేయడం. నీరు నిలిచే మేర కూడా లెక్కలోకి వస్తుంది, కట్ట ఒక్కటే కాదు.

మొదటి నెల: అంచనాలు రాయమంటారు, రాయండి. సగం ఉద్యోగం అదే, ఎం-బుక్కులో (పని కొలతల పుస్తకంలో) కొలతలు ఎక్కించడం, బిల్లులు. కానీ మొదటి వారంలోనే మీ పరిధిలో ఉన్న వర్షమాపకాలు ఎక్కడున్నాయో వెళ్లి చూడండి. పక్కనున్న గోడ లేదా చెట్టు ఎంత ఎత్తుంటే దానికి కనీసం రెండు రెట్ల దూరంలో ఉండాలి. మామిడిచెట్టు కింద చల్లగా ఉంటుందని అక్కడ పెట్టినవి ఉన్నాయి. ఉదయం ఎనిమిదిన్నరకు చదవాలి. ఆదివారం చదవలేదని సోమవారం రెండు రోజులది కలిపి రాస్తే, ఆ అంకెతో విశ్రాంత ఈఈ గారు వరద లెక్క కడతారు.

విశ్రాంత ఈఈ | శనివారం, ఉదయం 7:20

కట్టాను కూడా! అలాంటి వాటిని పట్టుకోవడానికి ఒక కిటుకు: రిజిస్టరులో సోమవారాలు విడిగా కూడండి. మిగతా రోజులకంటే సోమవారాలే తడిగా తేలితే వాన సంగతి కాదు, వాచ్‌మన్ సెలవు సంగతి.

ఇంకా చదవాలనుకుంటే కాకినాడలో జాతీయ జలవిజ్ఞాన సంస్థ డెల్టా ప్రాంతీయ కేంద్రం ఉంది, అక్కడి శిక్షణ తరగతుల ప్రకటనలు చూస్తూ ఉండండి.

కొండదిగువ | శనివారం, మధ్యాహ్నం 12:30

‘వీ’ గంటు రేకు పలాసలో వెల్డింగు షాపులో కోయించవచ్చు. కొలత గీసి ఇస్తే గంటలో ఇస్తారు. అంచు ఆకురాయితో మీరే పదును చేసుకోవాలి. ఊటకు మోసుకొచ్చే మనుషుల్ని మేం చూస్తాం.

మెళియాపుట్టి రైతు | శనివారం, రాత్రి 8:05

బాబూ, చేరాక మా పై గెడ్డ రోడ్డు కింద వేసిన రెండు గొట్టాలు చూడడానికి వచ్చేటప్పుడు నాకు ఫోను చేయించు. అవి మూసుకుపోతే నీళ్లు ఎటు పోతాయో నేను చూపిస్తాను, మా తమ్ముడి జీడితోటలోకి. చెక్ డ్యాము విషయంలో మాత్రం నేను ఇంకా ఒప్పుకోలేదు. రేంజిగారు కూడా వస్తే అక్కడే తేల్చుకుందాం.